సగం పలికిన గాలికుంటు

తార్నాకలో ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కాపలా చౌకి అని పెద్దలు చెబుతారు. ఒకప్పుడు ఇక్కడ ముళ్లతీగ కంచె, దాని ముందొక కావలి గుడిసె ఉండేవట. ఇప్పుడు ఆ రెండూ లేవు, మెట్రో స్తంభాల నీడలో వాహనాల రొద మాత్రం ఉంది. అయినా, దీపావళి వెళ్లిన రెండోనాడు ఆ పేరుకు తగిన కావలి పనిని పాలమ్మే ఒక మనిషి చేసింది. ఆమె పేరు భూదేవి.

జనగామ దగ్గరి పల్లెనుంచి భూదేవి పెళ్లయి వచ్చి ముప్పయ్యేళ్లు. పెనిమిటి పోయాక మరిది మల్లన్నతో కలిసి గల్లీ చివర ఏడు బర్రెల కొట్టం నడుపుతున్నది. ఇంటింటికీ పాలు పోసి, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని హాస్టళ్లకు వెళ్లి, గంజినీ మిగిలిన అన్నాన్నీ కూరగాయల తొక్కలనూ డబ్బాల్లో తెచ్చి బర్రెలకు కుడితి కలుపుతుంది. పరీక్షల రోజుల్లో పిల్లలకు అన్నం సహించదు కాబట్టి కుడితి చిక్కబడుతుందని, పరీక్షలు ముగిసిన మర్నాడే పలచబడుతుందని ఆమె అంటుంది. ఏ పంతులూ కనిపెట్టలేని సంగతి అది! అక్కడే ఆమెకు వాసంతితో పరిచయమైంది. వాసంతి పశువుల అంటురోగాల మీద పరిశోధన చేసే అమ్మాయి. అప్పుడప్పుడూ కొట్టానికి వచ్చి బర్రెల నోళ్లలో దూదిపుల్ల పెట్టి చొంగ తీసుకొనిపోయేది.

ఆ ఉదయం పాలు పితుకుతుండగా భూదేవికి వెనుకనుంచి చప్పరింపు వినిపించింది. పచ్చి చింతకాయ కొరికినవాళ్లు నోటితో చేసే శబ్దమది. తిరిగి చూసింది. పది రోజుల కిందట సంతలో కొన్న చుక్క అనే బర్రె నోటినుంచి చొంగ తీగలు తీగలుగా కారుతున్నది. ముందరికాలు ఎత్తింది, విదిలించింది, మెల్లగా దింపింది. భూదేవి పాలచెంబు పక్కన పెట్టి లేచింది. చిన్ననాడు పుట్టింటి దొడ్డిలో పశువులన్నీ ఇట్లాగే చప్పరించాయి. వారం తిరిగేసరికి లేగలు ఒక్కటీ మిగలలేదు.

అంతకన్నా పెద్ద భయం పక్క గుంజకు కట్టేసి ఉంది. అది మల్లన్న దున్నపోతు బాద్షా. సాయంత్రం గోల్నాకలో సదరు, అంటే దున్నపోతుల పండుగ. బస్తీ బస్తీనుంచి దున్నపోతులు గవ్వల పట్టెడలతో, నెమలి పింఛాలతో వచ్చి ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. బాద్షా అక్కడికి రోగాన్ని మోసుకొనిపోతే బౌద్ధనగర్ మొదలు అంబర్‌పేట దాకా ఏ కొట్టమూ దక్కదు.

మల్లన్న పూలదండల కోసం మార్కెట్టుకు పోయి ఉన్నాడు. ఫోను చేసింది. “మల్లన్నా, చుక్కకు గాలి వట్టినట్టున్నది. జల్ది రా!” అన్నది. వాసంతి ఫోను ఎత్తకపోయేసరికి ప్రాంగణానికి పరుగు తీసింది.

ఇక్కడ కాస్త ఆగాలి. పశువుల నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే ఆ రోగం పేరు ‘గాలికుంటు’. అది పంచమీ తత్పురుష సమాసం. గాలి వలన కలిగిన కుంటు అని విగ్రహవాక్యం. రోగం గాలిలోనూ వ్యాపిస్తుందనీ, పశువును కుంటిస్తుందనీ రెండు సంగతులను ఒక్క మాటలో ఇమిడ్చిన పూర్వుల తెలివికి నమస్కరించాలి. కానీ సమాసంలో ఉత్తరపదాన్ని మింగేస్తే అర్థం ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? భూదేవి పుట్టింట్లో ‘గాలి’ అంటే ఆ రోగమే. పట్నంలో పుట్టిన మల్లన్నకు గాలి అంటే దయ్యం.

ప్రాంగణమంతా వెతికి ఆమె వాసంతిని వెంటబెట్టుకొని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కొట్టం ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, పగిలిన గుమ్మడికాయ కనిపించాయి. మల్లన్న నవ్వుతూ ఎదురొచ్చాడు.

“గాలి తీసేసిన వదినా! పసుపు గలిపి కుడితి తాపిన. చుక్క తాగినంక మిగిలింది బాద్షాకు వోసిన. దానికి దిష్టి తగలొద్దు గద.”

“ఒక్క గోళెంలనేనా?” భూదేవి నెత్తి పట్టుకున్నది.

“మరేంది, వెండి గిన్నెల పోస్తరా?”

“అయ్యో అన్నా, కొంప ముంచినవ్!” అన్నది వాసంతి. “బాద్షాకు వ్యాక్సిన్ అయిందా?”

ఎక్కడి వ్యాక్సిన్! వేసవిలో టీకాలు వేయడానికి వచ్చినప్పుడు, సూది గుచ్చితే మెడ వాచి నిగనిగ పోతుందని బాద్షాను స్నేహితుడింట్లో దాచిన ఘనుడు మల్లన్నే.

వాసంతి చుక్క నాలుక మీద చిట్లిన పొక్కుకు దూదిపుల్ల తాకించి, మందునీళ్లలో కలిపి, వేలెడంత పరీక్ష పట్టీ మీద మూడు చుక్కలు వేసింది. బోర్లించిన బకెట్టు చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. ఒక గీత కనిపించింది. రోగం ఉంటేనే కనిపించే రెండోది పది నిమిషాలకు తేలింది.

“సన్నగనే ఉన్నది గద?” అన్నాడు మల్లన్న.

“సన్నగున్నా గీత గీతనే అన్నా.”

వాసంతి పశువైద్యురాలు సుధామయికి ఫోను చేసింది. తాను వచ్చి నమూనా తీసి పెద్ద ల్యాబుకు పంపుతానని, అంతవరకు మనిషిగానీ పశువుగానీ కొట్టం దాటవద్దని, గడపలో బట్టల సోడా నీళ్లు చల్లమని డాక్టరమ్మ చెప్పింది.

మల్లన్న లేచి బాద్షా తాడు విప్పాడు. “ఏడాది నూనె రాసిన. చూడు, అద్దం లెక్క మెరుస్తున్నది. దీనికి రోగమేంది?”

భూదేవి ద్వారానికి అడ్డంగా నిలబడింది. “రోగం బయట వడేలోపలే పక్కదానికి అంటుతది. తోలుకపోతే నా మీదికెల్లి తోలుకపో.”

తాడు అతడి చేతిలో బిగిసింది. కాసేపటికి సడలింది. బాద్షాను మళ్లీ గుంజకు కట్టి, వీపు నిమిరాడు. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

“వదినా, ఆ సంతల చుక్క తోటి ఇంకో పది బర్రెలు అమ్మిండ్రు. అవి ఎవలెవల కొట్టంలున్నయో! మనమొక్కలం ఆగితే ఏం ఫాయిదా?”

వెంటనే సదరు నిర్వాహకుడు ఇన్నయ్యకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. అవతల మైదానంలో అప్పటికే జనం చేరి డప్పులు మోగుతున్నాయి.

“ఏంరా మల్లిగా, బాద్షాకు సిగ్గయితున్నదా?” అని ఎగతాళి చేశాడు ఇన్నయ్య. విషయం వినగానే గొంతు మారింది. డప్పులు ఆపించి, అందరికీ చెప్పమని ఫోనును మైకు దగ్గర పెట్టాడు.

వందలమంది వింటున్నారన్న ఎరుకతో భూదేవి కొంగు సర్దుకున్నది. “అన్నలాలా, తమ్ములాలా, మీ బర్రె గిట్ల జేస్తున్నదా జర యాద్ జేసుకోండ్రి,” అని పెదవులు బిగించి చప్పరించింది. మైదానమంతా గొల్లున నవ్వింది. ఆమె మళ్లీ చప్పరించింది. ఈసారి నవ్వు సగంలో ఆగింది.

“అక్కా, నేను విద్యానగర్ కృష్ణను,” అని దూరంనుంచి కేక వేసిందొక గొంతు. “సంతల కొన్న మా బర్రె పొద్దటిసంది గిదే సప్పుడు. నేను పట్టించుకోలే. పోతును బండిల తెచ్చిన. ఇంక దించలే.”

“దించకు తమ్మీ!” భూదేవి లేచి నిలబడి కేక పెట్టింది. “నువ్వు గూడ దిగకు! ఉన్నదున్నట్టు వాపసు తిప్పు!”

“బండికి తొవ్వ ఇయ్యుండ్రి! జరగుండ్రి!” అని ఇన్నయ్య మైకులో అరిచాడు. ఫోనులోనుంచి ఇంజను మోత వినిపించింది. తార్నాక కొట్టంలో నిలబడే మల్లన్న రెండు చేతులూ ఊపుతూ, “పోనీ, పోనీ, ఎనుకకు పోనీ!” అంటూ ఆ కనపడని బండిని వెనక్కి తోలసాగాడు.