ముందు చప్పుడు, తర్వాత బొమ్మ

ఆ వీధిలో ఎవరింట్లో టీవీ పాడైనా ఒకప్పుడు ఒకే మాట వినిపించేది: "బొమ్మల మాస్టారిని పిలవండి." ఆయన బడిలో పాఠాలు చెప్పింది లేదు, బొమ్మలు గీసింది అంతకన్నా లేదు. బొమ్మ రాని టీవీకి బొమ్మ తెప్పిస్తాడు కాబట్టి ఆ పేరు. గోడకు తగిలించే పలచటి టీవీలు వచ్చాక ఆ వైభవం కాస్తా అటకెక్కింది. ఇప్పుడు కొట్లో పనంటే పాత బోర్డు పీకి కొత్త బోర్డు పెట్టడమే. దాన్ని ఆయన పని అని ఒప్పుకోడు. భార్య మాత్రం, "మీరు ఒప్పుకోకపోయినా ఇల్లు గడిచేది దాంతోనే" అంటుంది.

ఆవిడ తమ్ముడు వీడియో గేముల కొట్టు నడిపేవాడు. నాణెం వేసి ఆడే, బీరువాలంత పెట్టెలు వరసగా ఉండేవి. కొట్టు మూతబడ్డాక అన్నీ అమ్మేసి ఒక్కటి ఉంచుకున్నాడు. గోతులు దూకుతూ పరిగెత్తే ఓ బుల్లి మనిషి ఆట అది. ఎడమ చేత్తో కర్ర తిప్పాలి, కుడి చేత్తో బొత్తం నొక్కితే దూకుతాడు. ఎదుటివాళ్లతో కబుర్లు చెబుతూనే గోతులన్నీ దాటించేసేవాడు ఈ బావమరిది. చూస్తున్న బావకి ఒళ్లు మండేది.

కిందటేడు అతనికి పక్షవాతం వచ్చింది. అక్క అతన్నీ ఆ పెట్టెనీ తన ఇంటికి తెచ్చేసుకుంది. మాట, నడక తిరిగొచ్చాయి. కుడి చెయ్యే ఇంకా చెప్పినట్టు వినడం లేదు. డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. పిసుకుతూ అతను ఒకటే పోరు: "బావా, ఆ పెట్టె బాగుచెయ్యి. ఒక్క ఆట నిండుగా ఆడగలిగితే చెయ్యి వచ్చేసినట్టే."

పెట్టెలో పిక్చర్ ట్యూబు వయసైపోయి మసకబారింది. మాస్టారు దాన్ని తీసి పాత సామాన్లవాడికిచ్చేసి, ఆ స్థానంలో కొత్త మానిటర్ బిగించాడు. పాత బోర్డు చెప్పేది కొత్త మానిటర్‌కి అర్థం కాదు కనక మధ్యలో దుబాసీలా ఓ చిన్న కన్వర్టర్ పెట్టాడు. అంచులు కనబడకుండా చుట్టూ నల్ల అట్ట కత్తిరించి అతికించాడు. రంగులు కళ్లు చెదిరేలా వచ్చాయి. "చూశావట్రా, ఎలా ఉందో!" అని తనలో తనే మురిసిపోయాడు.

బావమరిది స్టూలు మీద కూర్చుని నాణెం వేశాడు. మొదటి గోతిలోనే పడ్డాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ అక్కడే. చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ, "ఇది ఇంక రాదు బావా" అన్నాడు. ఆ రోజు నుంచి బంతి ముట్టలేదు. అక్క బతిమాలింది, తిట్టింది, తను అన్నం మానేస్తానని బెదిరించింది. ఊహూఁ.

ఓ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్తే, మాస్టారే పెట్టె ముందు కూర్చుని బొత్తం నొక్కాడు. ఆయన ఆట గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. చెవి మాత్రం మెకానిక్ చెవి. నొక్కగానే దూకిన చప్పుడు వినబడింది, బుల్లి మనిషి ఆ తర్వాత లేచాడు. మళ్లీ నొక్కాడు. ముందు చప్పుడు, తర్వాత బొమ్మ. చప్పుడు బోర్డు నుంచి తిన్నగా స్పీకరుకి పోతోంది. బొమ్మ దుబాసీ దగ్గర ఆగి వస్తోంది.

వాళ్లు గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఒరేయ్, తప్పు నీ చేతిది కాదురా, నాది!" అని అరిచాడు. తప్పు తనదని తేలినందుకు ఇంత సంబరపడే మనిషిని ఆ ఇల్లాలు ఎప్పుడూ చూడలేదు. తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. బంతి మళ్లీ చేతికెక్కింది.

మాస్టారు ఆ సైజు ట్యూబు కోసం కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి ఓ సెలూన్‌లో, నెత్తిన పౌడరు డబ్బాలు మోస్తున్న పాత టీవీ దొరికింది. దాని ట్యూబు తెచ్చి పెట్టెలో బిగించి, తనే నొక్కి చూసుకున్నాడు. చప్పుడూ బొమ్మా కలిసి వచ్చాయి.

ఉతికిన చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాడు బావమరిది. మొదటి గోతిలో పడ్డాడు. రెండోసారీ పడ్డాడు. మూడోసారి మాస్టారు తెర చూడ్డం మానేసి అతని వేలినే చూశాడు. గొయ్యి వచ్చేసింది, వేలు ఇంకా దారిలోనే ఉంది. ఈసారి నింద మోయడానికి మానిటరూ లేదు, కన్వర్టరూ లేదు. లేనిపోని ఆశ పెట్టింది తనే కదా అనుకున్నాడు మాస్టారు.

"బావా, ఆ కొత్తదే మళ్లీ పెట్టెయ్," అన్నాడు బావమరిది.

"ఎందుకురా?"

"దాని మీద ఓడిపోతే బొమ్మ ఆలస్యంలే అనుకోవచ్చు. రోజూ కాసేపు ఆడుకుంటా, బంతీ పిసుకుతా. దీని మీదైతే ఇంక ఆడలేను."

వంటింట్లోంచి అక్క కేకేసింది: "ఏమండీ, ఏమైంది? ఆడాడా?"

బాగున్న సామానును పాడైందని ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనూ చెప్పని మనిషి ఆయన. గొంతు సవరించుకున్నాడు. "లేదే. నేను తెచ్చిన ట్యూబు మంచిది కాదు. ఆ మానిటరే మళ్లీ బిగిస్తున్నా."

స్విచ్చి ఆపి వెనక మూతకున్న మొదటి స్క్రూ విప్పాడు. అది పట్టుకోవడానికి బావమరిది ఎడమ చెయ్యి చాపాడు.

"ఆ చెయ్యి కాదు. కుడిది," అన్నాడు మాస్టారు.

కుడి చెయ్యి ఒళ్లోంచి నెమ్మదిగా లేచింది. అది తన దాకా వచ్చేవరకూ స్క్రూ పట్టుకుని ఆయన అలాగే ఆగాడు.