కట్నీ పాసింజరూ, మా ఆయన గుండే

పొద్దున్న ఆరూ యాభైకి బిలాస్‌పూర్‌లో రాయ్‌పూర్ బండెక్కాం. ఆ బండిలో వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోకండి, ఎండ మొహాన కొడుతుంది. మా ఆయనకి గుండె మార్చి ఆరేళ్ళు. ఈమధ్య ఆ గుండె నీరసిస్తోందన్నారు రాయ్‌పూర్ ఆస్పత్రివాళ్ళు. ఎందుకో చెప్తాం, రిపోర్టులొచ్చాయి రమ్మంటే బయల్దేరాం. ముప్పై ఏళ్ళు రైల్లో గార్డు డ్యూటీ చేసిన మనిషి కదా, గంట ముందే నన్ను ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు.

ఎదురు సీట్లో వరంగల్ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకాయన. సంగతి విని, "కొత్త గుండె పెట్టినంక ఇంకేం ఫికరన్నా?" అన్నాడు.

"ఇంజను మార్చీసేం కదా, బండి నడుస్తాది," అన్నారు మా ఆయన గొప్పగా. ఇద్దరూ కలిసి నా ఇడ్లీలన్నీ ఖాళీ చేశారు.

భాటాపారా దాటాక ఎనిమిదయింది. పొద్దున్న ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ వేసుకోవలసిన గుండె మాత్ర చేతిలో పెట్టాను.

"ఆగు, కట్నీ పాసింజర్ ఇంకా రాలేదు," అనేసి నాలిక కరుచుకున్నారు.

"పాసింజరేటి?" అని నిలదీస్తే అప్పుడు బయటపడింది. నేను ఏడున్నరకే బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతాను. ఈయన మాత్ర పట్టుకుని, మా ఇంటి వెనక లైను మీద కర్గీ రోడ్ స్టేషన్ వైపు నుంచి ఆ బండి కూత వేసేదాకా కూచుంటారట. టైంటేబుల్లో అది ఎనిమిదికట! గోడకి గడియారం ఉంది, చేతికి వాచీ ఉంది, జేబులో ఫోనుంది. మా గార్డుగారికి అవేవీ లెక్కలోకి రావు.

"అది ఎన్నింటికొస్తదమ్మా?" అన్నాడు బ్యాంకాయన.

"ఓరోజు తొమ్మిది, ఓరోజు పదకొండు. ఎనిమిదికొస్తే పేపర్లో వేస్తారు."

తొమ్మిదిన్నరకి రాయ్‌పూర్. ఆటోలో ఆస్పత్రి పావుగంట. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మార్చిన గుండెని ఒళ్ళు ఎప్పటికీ తనదనుకోదట. పరాయిదని కొంచెం కొంచెంగా దాడి చేస్తూనే ఉంటుందట. దాంతో గుండె రక్తనాళాల గోడలు మందమై లోపల దారి సన్నబడుతుంది. ఆ దాడిని ఆపడానికే మాత్ర. "మీ రక్తంలో మందు ఒకసారి సరిపడా ఉంది, ఒకసారి లేదు. మాత్ర టైముకి పడట్లేదు," అన్నాడు.

"అచ్ఛా, మరి నొప్పేటీ రాలేదే?" అన్నారీయన.

మార్చేటప్పుడు నరాలు తెగిపోతాయి, అందుకే చాలామందిలో ఆ గుండె కష్టమొచ్చినా నొప్పిగా చెప్పుకోలేదు, అన్నాడు డాక్టరు. టైము ఒక్కటే కారణం కాదు గానీ మన చేతిలో ఉన్నది అదేనట. మూడు నెలల్లో మళ్ళీ చూస్తారు. ఇంకా సన్నబడితే ఈ గుండె నిలవదు.

భయంతో పాసింజర్ సంగతి చెప్పేశాను. డాక్టరు కళ్ళజోడు తీసి, "మా ఊరూ ఆ లైన్లోనే. ఆ బండిని నమ్మి మేం పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళం," అన్నాడు.

సాయంత్రం ఆరింటి బండికి తిరుగుప్రయాణం. దారంతా ఈయన్ని దులుపుతూనే ఉన్నాను. బిలాస్‌పూర్ ఇంకో రెండు నిమిషాలుందనగా ఊరి బయట సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. పెట్టె అంతా రైల్వేని తిడుతోంది. సరిగ్గా ఎనిమిదికి మా ఆయన వాచీ చూసుకుని, తనంత తానే మాత్ర నోట్లో వేసుకున్నారు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు.

"ఇది ఒక్కరోజూ లేటవలేదే. నేనే లేటు చేసీసేను."

పొద్దుట్నుంచీ ఎన్నో అన్నాను. అప్పుడు మాత్రం నీళ్ళ సీసా అందించాను.