ధర్మసాగర్ ఒండ్రులో మంచు బ్లేడు

1979 ఫిబ్రవరిలో నన్ను వరంగల్‌లోని మా శాఖ మెకానికల్ వర్క్‌షాపుకు జూనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. వర్క్‌షాపు అంటే ఒక రేకుల షెడ్డు, ఒక లేత్ మిషను, రెండు వెల్డింగ్ సెట్లు, తొమ్మిది మంది మనుషులు. రోడ్డు రోలర్లు, పంపులు, ట్రాక్టర్లు బాగుచేసి మళ్లీ పనికి పంపడం మా విధి. నా పైఅధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన్ను అందరం డీఈ గారు అనేవాళ్లం.

చేరిన వారంలో స్టోర్సు సామాను చూస్తుంటే జాబితాలో ఒక వింత వస్తువు కనబడింది: ‘బ్లేడు, ఇనుము, పెద్దది, ఉపయోగం తెలియదు.’ వెనక గోడకు ఆనించి ఉన్న దాన్ని చూశాక ఉపయోగం నాకు తెలిసింది. కొండ ప్రాంతాల్లో లారీ ముందు బిగించి, రోడ్డు మీద పడ్డ మంచును పక్కకు తోయడానికి వాడే బ్లేడు అది. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత లారీలతో పాటు వచ్చిందట. వరంగల్ మనిషికి మంచు అంటే ఐసు ఫ్యాక్టరీలో రంపపు పొట్టు కప్పి ఇచ్చే దిమ్మె. అందుకని షెడ్డు వాళ్లు ఏళ్ల తరబడి ఆ బ్లేడు నీడలో టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు.

ఆ మే నెలలో ధర్మసాగర్ చెరువు బాగా ఎండింది. పట్టణానికి తాగునీళ్లు వచ్చేది అక్కడి నుంచే. తూము దాకా నీళ్లు తెచ్చే కాలువలో ఒండ్రు పేరుకుపోయింది. వానలు పడేలోపు దాన్ని తోసేయాలని ఆర్డరు వచ్చింది. బుల్‌డోజరు వేరే జిల్లాలో పనిలో ఉంది. మా దగ్గర మిగిలింది ఒక చిన్న ట్రాక్టరు. దాని ముందు లోడరు ఉంది, అంటే ఆయిల్ ఒత్తిడితో పైకీ కిందికీ కదిలే రెండు ఇనుప చేతులు, వాటి చివర ఒక బకెట్. ఆ బకెట్‌తో కాలువ తీయడం చెంచాతో గోలెం తోడినట్టే. బకెట్ తీసేసి ఆ చేతులకు మంచు బ్లేడు బిగిద్దామన్న ఆలోచన నాది. డీఈ గారు నవ్వి, చేసి చూడు అన్నారు.

నాలుగు రోజులు పట్టింది. బకెట్ పిన్నులు వచ్చే చోట మందపాటి ప్లేటు ఒకటి తయారుచేసి, దానికి బ్లేడు ఫ్రేమును బోల్టులతో బిగించాం. లారీ కోసం చేసిన బ్లేడు కదా, బరువుకు ట్రాక్టరు ముందు టైర్లు నొక్కుకుపోయాయి, వెనక టైర్లు తేలిపోయాయి. వెనక లింకుకు కాంక్రీటు దిమ్మె పోయించి వేలాడదీశాను. బరువు లెక్క రెండుసార్లు వేసి సరిచూసుకున్నాను. లోడరు చేతులు ఎత్తడానికి చేసినవే గాని తోయడానికి చేసినవి కావన్న సంగతి పుస్తకంలో చదివినవాణ్నే. తోసేది మెత్తటి మట్టినే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ట్రాక్టరు నడిపేది మొగిలయ్య. నలభై దాటిన మనిషి. పాలంపేట దగ్గర ఒక ఊళ్లో వరి పండించే కుటుంబం. పదకొండేళ్లుగా మా షెడ్డులో డ్రైవరే అయినా అతను మస్టర్ రోల్ మనిషి, అంటే ఏ రోజుకు ఆ రోజు పేరు రాస్తేనే ఉద్యోగం. పర్మినెంట్ చేయవలసిన వాళ్ల జాబితా ఆ నెలలోనే పై ఆఫీసుకు వెళ్లింది, అందులో మొదటి పేరు అతనిదే. ఆ కబురు తెలిసిన రోజు షెడ్డంతటికీ చాయ్ తాగించాడు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఆ బ్లేడు వెనక రెండు లావుపాటి స్ప్రింగులు ఉంటాయి. అంచుకు ఏ రాయో తగిలితే స్ప్రింగులు సాగి, బ్లేడు ముందుకు వాలి, అడ్డాన్ని దాటేసి మళ్లీ నిలబడుతుంది. మంచుకు సరిపోయిన ఆ స్ప్రింగులు మా ఒండ్రు బిగువుకు ఆగలేదు. రెండు గజాలు పోయేసరికి బ్లేడు దండం పెట్టినట్టు వాలిపోయేది, మట్టి కిందనే ఉండిపోయేది. గట్టు మీద నిలబడ్డ జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం షెడ్డుకు తెచ్చి, స్ప్రింగులు కదలకుండా అడ్డంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయమని వెల్డరు ఖాజా భాయ్‌కి చెప్పాను. దానికి డ్రాయింగు గీసి డీఈ గారి సంతకం తీసుకోవాలి. తీసుకోలేదు.

మొగిలయ్య దగ్గరకొచ్చి నిలబడ్డాడు. “సారూ, జర ఆగుండ్రి. మేం నాగలికి కాడి కట్టేటప్పుడు పాత తాడే కడ్తం. ఎందుకంటే మన్నుల బండ తగిల్తె తాడు తెగాలె గని ఎద్దు మెడ ఇరుగద్దు. మీరు తాడు జాగల ఇనుము పెడ్తాండ్రు” అన్నాడు.

పాత తాడు కట్టడం పిసినారితనమని అంతవరకు అనుకునేవాణ్ని. “అది నాగలి, ఇది మిషను. నీకేం ఫికరొద్దు” అన్నాను. ఆ మాట అన్న గొంతు నాకిప్పటికీ గుర్తుంది. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పట్టీ వేశాక బ్లేడు అద్భుతంగా పనిచేసింది. రెండు రోజుల్లో కాలువ సగం తేలింది. గట్టు మీద నవ్విన వాళ్లే ఇప్పుడు తలలు ఊపారు. మూడో రోజు పొద్దున తూముకు కొంచెం ఇవతల, ఒండ్రులో పూడిపోయిన పాత రాతి స్తంభానికి బ్లేడు అంచు కొట్టుకుంది. స్ప్రింగులు సాగే వీల్లేదు. దెబ్బంతా లోడరు చేతుల మీద పడింది. వాటిలో కుడిది మెలికపడి వంగింది, ట్రాక్టరు వెనక భాగం గాల్లోకి లేచింది, మొగిలయ్య స్టీరింగు మీదుగా కింద పడ్డాడు. నేను గట్టు దిగి పరుగెత్తేసరికి లేచి కూర్చుని, వేలాడుతున్న కుడి ముంజేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. “ఇంజను బంద్ చెయ్యుండ్రి సారూ, తిరుగుతాంది” అన్నాడు. దవాఖానలో చూస్తే ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయని తేలింది.

ప్రమాదం జరిగితే మూడు రోజుల్లో నివేదిక పంపాలి. ఆ ఫారంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. మా దగ్గర ఆ గడిలో ఒకటే మాట రాయడం ఆనవాయితీ: ఆపరేటర్ అజాగ్రత్త. యంత్రం పాతదైనా, రోడ్డు కుంగినా అదే మాట. పర్మినెంట్ మనిషికైతే దాని మీద విచారణ జరుగుతుంది, అతను జవాబు చెప్పుకుంటాడు. మస్టర్ రోల్ మనిషికి విచారణ ఉండదు. మర్నాటి నుంచి పేరు రాయరు, అంతే. జాబితాలో మొదటి పేరు కొట్టేయడానికి ఆ ఒక్క మాట చాలు.

డీఈ గారు చెడ్డవారు కారు. నన్ను పిలిచి కూర్చోబెట్టి, అదే మాటతో టైపు చేయించిన నివేదిక ముందు పెట్టారు. “కొత్త నౌకరి తమ్మీ నీది. శాంక్షన్ లేకుంట వెల్డింగ్ చేపిచ్చిన్నని రాస్తె ఎంక్వైరీ నీ మీద పడ్తది. అందరం రాసిన మాటే ఇది. దస్కత్ చెయ్యి, నేను పంపుత” అన్నారు. దానికి డ్రైవరు వాంగ్మూలం కూడా జతచేయాలి. కాగితం, వేలిముద్రకు ఇంకు డబ్బీ జేబులో పెట్టుకుని దవాఖానకు వెళ్లాను. సంతకం పెట్టే ఉద్దేశంతోనే వెళ్లాను. ఈ మాట దాచుకోవడంలో అర్థం లేదు.

మొగిలయ్యకు కట్టు కట్టి ఉంది. కాగితంలో ఏముందో చదివి వినిపించాను. “రాసుకోండ్రి సారూ. మీరు సదువుకున్నోల్లు, ముంగట మస్తు నౌకరి ఉన్నది. నేనేదన్న చేసుకుంట” అని ఎడమ బొటనవేలు చాచాడు. నేను ఇంకు డబ్బీ మూత తీస్తుంటే మళ్లీ అన్నాడు: “కని ఒక్కటి. గా పట్టీ మాత్రం కోపియ్యుండ్రి. రేపు నా జాగల ఇంకోడు కూసుంటడు గద.”

ఇంకు డబ్బీ మూత పెట్టేశాను. నేరుగా షెడ్డుకు వెళ్లి ఖాజా భాయ్‌తో ఆ పట్టీ కోయించాను. తర్వాత కొత్త ఫారం తీసి నా చేత్తోనే నింపాను. కారణం అన్న గడిలో ఇలా రాశాను: ‘రక్షణ కోసం ఉన్న స్ప్రింగులను జూనియర్ ఇంజనీరు అనుమతి లేకుండా కదలకుండా బిగింపజేయడం. డ్రైవరు ముందే హెచ్చరించాడు.’ డీఈ గారు రెండుసార్లు చదివి, నా వైపు చూడకుండానే పైకి పంపారు.

నాకు ఛార్జ్ మెమో వచ్చింది. విచారణ ఆరు నెలలు సాగింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. మొగిలయ్య పేరు జాబితాలో ఉండిపోయింది. రెండు నెలల తర్వాత పనిలోకి వచ్చాడు, ఆ మరుసటి ఏడాది పర్మినెంట్ అయ్యాడు. కుడి మణికట్టు మాత్రం పూర్తిగా తిరగలేదు. గేరు మార్చేటప్పుడు భుజమంతా కదిలేది. నేనది చూసిన ప్రతిసారీ చూపు పక్కకు తిప్పుకునేవాణ్ని.

ఆ ఏడాది కాలువలో మిగిలిన సగం మనుషులే పారలతో, తట్టలతో తీశారు. మరుసటి వేసవికి బ్లేడును మళ్లీ బిగించాం, ఈసారి డ్రాయింగు మీద సంతకంతో. ట్రాక్టరు పొట్ట కింద నుంచి వెనక ఇరుసు దాకా రెండు ఇనుప ఛానెళ్లు వేసి తోసే బలమంతా వాటి మీదికి తెచ్చాం. లోడరు చేతులకు గొలుసుతో బ్లేడును ఎత్తే పని ఒక్కటే మిగిల్చాం. స్ప్రింగులను ఎప్పటిలా సాగేలా ఉంచాం. ఒండ్రును ఒక్కసారే లోతుగా కాక పొరలు పొరలుగా గీకితే బ్లేడు వాలదని చూపించింది మొగిలయ్య. పని మొదలుపెట్టే ముందు ఇద్దరు కూలీలు ఇనుప కడ్డీలతో ఒండ్రును పొడిచి రాళ్లు వెతికేవారు. బ్లేడు ఛానెళ్లకు కలిసే చోట, బలం మించితే ముందు తెగేలా, కావాలనే ఒక మెత్తని బోల్టు పెట్టాం. దాన్ని ఏరి ఇచ్చిందీ మొగిలయ్యే. షెడ్డులో దాని పేరు ‘పాత తాడు’. ఆ వేసవిలో అది నాలుగుసార్లు తెగింది. ఇంకేదీ విరగలేదు.

ఆ సంఘటన వల్ల నేను తెలుసుకున్నది ఇంతే. బలం మించితే ఏ యంత్రంలోనైనా ఏదో ఒకటి విరుగుతుంది. ముందు ఏది విరగాలో నిర్ణయించడం ఇంజనీరు పని. నేను ఆ పని చేయలేదు గనక అది మొగిలయ్య చెయ్యి అయింది. ఆఫీసు కాగితాల్లోనూ ముందు తెగే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం మా ముందువాళ్లు ఎప్పుడో నిర్ణయించి పెట్టారు, అది మస్టర్ రోల్ మనిషి. రిటైరయ్యే దాకా నా ముందుకొచ్చిన ప్రతి డ్రాయింగు మీద, ప్రతి నివేదిక మీద, సంతకానికి ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇందులో ముందు తెగేది ఏది? జవాబు మనిషి అని వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపాను.