పెట్టెలో దాచుకున్న సంఘ ఉత్తరం

నోరు తెరిచి నా తప్పు చెప్పుకునే ధైర్యం ఇచ్చినందుకు ముందుగా నా ప్రభువుకు స్తోత్రం, సహోదరీ సహోదరులారా! మీలో చాలామందికి నేను ముందు వరసలో కూర్చుని పాట ఎత్తే రత్నకుమారిగానే తెలుసు. కానీ ఇదే మందిరంలో గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుని, ఆఖరి ప్రార్థనకు మీరు ఆమెన్ అనకముందే లేచి ఇంటికి పారిపోయిన రత్నకుమారి ఒకతి ఉండేది. ఆవిడ సంగతి ఈరోజు చెప్పాలి.

మా పుట్టిల్లు కొత్తపేట దగ్గర పల్లె. డెబ్బైల చివర్లో పెళ్ళయి ఈ మామిడికుదురు వైపు వచ్చాను. మన సంఘాల్లో ఒక పద్ధతి ఉంది కదా, ఒక ఊరి విశ్వాసి ఇంకో ఊరు వెళ్తే సొంత ఊరి సంఘ పెద్దలు ఉత్తరం రాసి ఇస్తారు, ఈమె బాప్తిస్మం పొందింది, మాతో కలిసి రొట్టె విరుస్తోంది, మీరు చేర్చుకోండి అని. ఆ ఉత్తరం చూపించేదాకా ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వరు. నాకూ ఇచ్చారు. మా అమ్మ దాన్ని నా చేతికే ఇస్తే బైబిల్లో పెట్టుకుని తెచ్చుకున్నాను.

మొదటి ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా సంఘ పెద్ద దానియేలు మాస్టారు లేచి, అందరూ వింటుండగా, "కొత్తగా వచ్చిన అమ్మాయిగారు ఉత్తరం తెచ్చుకున్నారాండీ?" అని అడిగారు. అంతమంది ఆడవాళ్ళ తలలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది! మా నాన్నగారు బతికున్నన్నాళ్ళూ మా ఊరి సంఘానికి పెద్ద, నేను చిన్నపిల్లలకు సండేస్కూలు చెప్పినదాన్ని, నన్ను పట్టుకుని బస్సులో టిక్కెట్టు అడిగినట్టు అడుగుతారా అనుకుని, ఉత్తరం ఒళ్ళోని బైబిల్లో ఉండగానే "లేదండీ" అనేశాను. "పర్లేదమ్మా, మేం రాసి తెప్పిస్తాం" అన్నారాయన. వద్దండీ, నేనే తెప్పించుకుంటాను అన్నాను, ఎందుకంటే వీళ్ళు రాస్తే, ఇచ్చే పంపాం కదా అని జవాబు వస్తుంది, నా అబద్ధం బయటపడుతుంది. ఇంటికెళ్ళి ఆ ఉత్తరాన్ని ట్రంకుపెట్టెలో చీరల అడుగున పడేశాను.

అంతే, చిక్కుకుపోయాను! ప్రతి ఆదివారం రొట్టె పళ్ళెం నన్ను దాటి పక్కావిడ దగ్గరకు పోయేది, నేను ముసుగు ముందుకు లాక్కుని నేల చూసేదాన్ని. ఇప్పుడు ఉత్తరం ఇస్తే దాని మీద తేదీ చూసి ఇన్నాళ్ళూ ఏం చేశావంటారని సిగ్గు, ఇవ్వకపోతే రొట్టె లేదు. మూడో నెలలోనే మావారు మస్కట్ వెళ్ళిపోయారు. అత్తమామలు అప్పటికే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. కాలువ గట్టున రెండు గదుల పెంకుటింట్లో నేనొక్కదాన్నే. స్త్రీల కూడికకు పిలవడానికి వచ్చిన వాళ్ళకు తలనొప్పిగా ఉందని చెప్పేదాన్ని. రెండుసార్లు, మూడుసార్లు వచ్చారు పాపం, ఆ తర్వాత మానేశారు. ఈ ఊరివాళ్ళు నన్ను వెలివేశారని మావారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. సహోదరులారా, నన్ను ఎవరూ వెలివెయ్యలేదు, నన్ను నేనే వెలివేసుకున్నాను!

మూడో ఏడు వచ్చేసరికి ఆ గుమ్మం దగ్గర కూర్చోవడం కూడా మానేశాను. ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినపడాలని పొద్దస్తమానం రేడియో పెట్టుకునేదాన్ని. వంట చేసుకోబుద్ధి కాదు, తల దువ్వుకోబుద్ధి కాదు, నేను లేకపోతే ఎవరికి లోటు అని కాలువ నీళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయిన రోజులున్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి తలంపుతో ఎవరైనా ఇక్కడ కూర్చుని ఉండవచ్చు. అమ్మా, ఒంటరిగా మొయ్యకండి, ఎవరికైనా చెప్పండి.

ఆ వర్షాల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. అప్పుడు తలుపు తోసుకుని వచ్చింది సుగుణమ్మ పిన్నిగారు. గట్టు మీద కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకుని బతికే విధవరాలు, పిల్లల్లేరు. అంతకుముందు ఆవిడతో నేను సరిగ్గా మాట్లాడింది లేదు. "ఏవమ్మా, మూణ్ణాళ్ళై మీ ఇంట్లో పొగ రాటం లేదేటి?" అంటూ వచ్చి, నా ఒంటి మీద చెయ్యేసి, అమ్మబాబోయ్ అని డాక్టరు కోసం పరుగెత్తింది. పీచు లాగి లాగి గరుకెక్కిపోయిన ఆ చేతులతోనే నాకు గంజి పట్టింది, ఒళ్ళు తుడిచింది. ఒక మధ్యాహ్నం నాకు తెలివి వచ్చేసరికి మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. ఆవిడ చేసిన ప్రార్థన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది:

"ప్రభువా, ఈ పిల్లకి ఈ ఊళ్ళో ఎవరూ లేరయ్యా. నాకూ ఎవరూ లేరు. మా ఇద్దర్నీ ఒకరికొకర్ని చెయ్యి తండ్రీ. ఈ పిల్లని తీసుకెళ్ళిపోకయ్యా, నాకు కావాలి!"

నాకు కావాలి! మూడేళ్ళుగా ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎదురుచూశాను, సహోదరులారా. ఆ పూట వెక్కివెక్కి ఏడ్చాను. వారం తిరిగేసరికి జ్వరం దిగింది. దేవునికే మహిమ!

ఒంట్లో ఓపిక వచ్చాక పిన్నిగారు నన్ను మందిరానికి తీసుకొచ్చింది. ముందు వరసలో తన చోటు వదిలేసి గుమ్మం దగ్గర నా పక్కనే చతికిలబడింది. రొట్టె పళ్ళెం వచ్చింది. ఆవిడ ముట్టుకోకుండా పక్కకు అందించేసింది! ఆవిడ మనసులో ఏదో బాధ ఉందేమో అనుకున్నాను. రెండో వారం అంతే, మూడో వారం అంతే. రెండు నెలలు అలాగే గడిచాయి. చివరకు దానియేలు మాస్టారు పిన్నిగారు తాళ్ళు పేనే పాక దగ్గరకు వచ్చి, ఎందుకమ్మా బల్లలో పాలు పొందటం లేదని అడిగారు. ఆవిడకు సాయంగా నేను లోపల తాళ్ళ రాట్నం తిప్పుతున్నాను. పిన్నిగారు పీచు చేత్తో పట్టుకునే చెప్పింది: "పక్కన పిల్ల పస్తు కూర్చుంటే నాకు ముద్ద దిగటం లేదండీ. ఆ పిల్ల ముట్టుకున్న రోజు నేనూ ముట్టుకుంటానండి, ఆయ్."

నా చెయ్యి రాట్నం మీద ఆగిపోయింది. ఆ మనిషికి వారమంతటికీ ఆ రొట్టె ముక్క ఒక్కటే పండగ, దాన్ని నాకోసం వదులుకుంది, అదీ నేను ఆడిన అబద్ధం కోసం! పరుగున ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తీశాను. చీరలు తీసి చూద్దును కదా, ఉత్తరానికి చెద పట్టేసింది! పొడి పొడి కాగితం, నా పేరు లేదు, సంతకం లేదు. ఇప్పుడు నిజం చెప్పినా నమ్మేదెవరు? అక్కడే కూలబడి, "ప్రభువా, చూపించడానికి ఏమీ లేదు, నన్ను తోసేసినా సరే, పిన్నిగారికి మాత్రం ఆ రొట్టె అందనివ్వు" అని ప్రార్థన చేశాను.

ఆదివారం రొట్టె విరవకముందే లేచి నిలబడ్డాను. ఆ చెద తిన్న ముక్కలు కొంగులో పట్టుకుని, ఉత్తరం నా దగ్గర మొదటిరోజే ఉందనీ, పొగరుతో లేదన్నాననీ, మిమ్మల్నందరినీ ఆడిపోసుకున్నాననీ చెప్పేశాను. దానియేలు మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తప్పు నాది కూడానమ్మా. కొత్తపిల్లవి. ముందు నీ పేరడగాలి, భోజనం చేశావా అనడగాలి. కాగితం అడిగేను" అన్నారు. తర్వాత సంఘం వైపు తిరిగి, ఈమె విశ్వాసం గురించి ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. పిన్నిగారు లేచింది. "నే చెప్తానండీ. ఒళ్ళు తెలీని జ్వరంలో కూడా యేసయ్యా, యేసయ్యా అనే కలవరించిందండి ఈ పిల్ల. మనకింకేం కాగితం కావాలండీ?"

ఆ పూట పళ్ళెం నా దగ్గర ఆగింది. నేను తీసుకున్నాను. నా చేతిలోంచే పిన్నిగారు తీసుకుంది. ఇద్దరం ఏడుస్తూనే తిన్నాం!

నా ఒంటరితనం ఆ రోజుతో తీరింది, సహోదరులారా. ఆ తర్వాత ఎన్ని కష్టాలొచ్చినా మీలో ఎవరో ఒకరు నా ఇంట ఉన్నారు. పోయిన ఏడు సుగుణమ్మ పిన్నిగారిని ప్రభువు పిలుచుకున్నప్పుడు, కన్నకూతురిలా తల దగ్గర కూర్చునే భాగ్యం ఆయనే నాకిచ్చాడు. దేవునికే మహిమ కలుగును గాక!

ఇంకా చాలా చెప్పాలనుకుని వచ్చాను గానీ, ఇక్కడ నిలబడి చూస్తుంటే గుమ్మం దగ్గర ఒక అమ్మాయి కనబడుతోంది. మూడు వారాలుగా వస్తోంది, ఆమెన్ అనేలోపు వెళ్ళిపోతోంది. నేనూ ఇప్పటిదాకా పలకరించలేదు, ప్రభువు నన్ను క్షమించాలి. అమ్మా, లేవద్దు, వెళ్ళిపోవద్దు. నా సాక్ష్యం అయిపోయింది. కొంచెం జరిగి కూర్చో తల్లీ, నేనే నీ దగ్గరకు వస్తున్నాను.