క్రేనక్క మళ్ళీ పైకెక్కింది

ఆమెను పనిలో అందరూ క్రేనక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. పన్నెండేళ్ళుగా టవర్ క్రేను నడుపుతోంది. ఎనభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, పాదాల మధ్యనున్న గాజులోంచి కిందికి చూస్తూ, రెండు చేతుల్లో రెండు లివర్లతో టన్నుల కొద్దీ ఇనుమును ఎత్తి దించేది. నిచ్చెన ఎక్కడానికే పావుగంట పడుతుంది కాబట్టి ఒకసారి ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగేది కాదు. కింద నుంచి వాకీటాకీలో దారి చెప్పే సిగ్నల్ మనిషిని ఆమె బాబాయ్ అనేది. చుట్టరికమేం లేదు, పిలుపుతో కలిసిన వరస. ఆయన "దించమ్మా, ఇంకో జానెడు, చాలు" అన్నాడంటే ఆ బరువు నేలకి తగిలిన చప్పుడు కూడా వినిపించేది కాదు.

అలాంటి మనిషికి మూడేళ్ళ క్రితం విరేచనంలో రక్తం పడడం మొదలైంది. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే భర్తకి చెబితే కంగారు పడతాడని, అత్తగారికి చెబితే వంటింట్లో తనని అడుగు పెట్టనివ్వదని. చివరికి బరువు తగ్గి బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకోవాల్సి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, తెర మీద బొమ్మ చూపించింది. పెద్దపేగు లోపలి పొర, గచ్చు మీద పడి దోక్కుపోయిన మోకాలిలా ఎర్రగా ఉంది. అల్సరేటివ్ కొలైటిస్ అంది.

"ఇది ఒకసారి వచ్చి పూర్తిగా పోయేది కాదమ్మా. మందులతో నిద్రపుచ్చుతాం. అది పడుకున్నన్నాళ్ళూ నువ్వు మామూలు మనిషివే. తగ్గిపోయిందని మందులు మాత్రం ఆపకు."

రెండు నెలల్లో జబ్బు నిద్రపోయింది. పద్నాలుగు నెలలు హాయిగా గడిచాయి. కడుపు ఉన్నట్టే తెలియలేదు. మరి ఏమీ లేనిదానికి రోజూ మాత్రలెందుకని ఆమెకి అనిపించింది. అత్తగారు రోజూ పొద్దున్నే "మాత్ర వేసుకున్నావా?" అని అడిగేది. ఈమె ఊ కొట్టి బూట్లు తొడుక్కునేది. సీసా మాత్రం అరలో నిండుగానే ఉండిపోయింది.

మాత్రలు ఆపిన మూడో నెలలో ఒక పొద్దున, కాంక్రీటు నిండిన బకెట్టు గాలిలో ఉండగా, కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టు మెలిపెట్టింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అయినా బకెట్టును స్లాబు మీద పదిలంగా దించి, "బాబాయ్, నేను దిగుతున్నా" అని మాత్రం చెప్పి నిచ్చెన పట్టుకుంది. నలభై మీటర్లు కూడా దిగకముందే, ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

కిందికొచ్చేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. బాబాయ్ ఒక్క చూపు చూశాడు. తన వానకోటు విప్పి ఆమె నడుముకి కట్టి, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా గ్రీజు డబ్బా ఒంటి మీద ఒలికిందని చెప్పి, ఆటో ఎక్కించాడు. ఆ సంగతి ఆయన ఇంట్లో పిన్నికి కూడా చెప్పలేదు.

ఆస్పత్రిలో పదకొండు రోజులు. స్టెరాయిడ్లతో మొహం ఉబ్బి, అద్దంలో తనని తానే పోల్చుకోలేకపోయింది. మందులు తనే ఆపేశానని భర్తకి చెప్పినప్పుడు ఆయన ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు ఊరుకుంటుందా?

"రోజూ ఊ అన్నావు కదే. ఆ ఊ అన్నదెవరు, నీ బూట్లా?"

మంచం మీద ఉన్న మనిషి, నొప్పిలోనూ నవ్వింది.

తర్వాత ఎనిమిది వారాలకోసారి ఆస్పత్రిలో కూర్చుని సెలైన్‌లో మందు ఎక్కించుకోవడం మొదలైంది. పనిలో ఆమెను కింద స్టోరు గదిలో వేశారు. ఎనిమిది నెలలు అడిగినవాళ్ళకి బోల్టులు, హెల్మెట్లు ఇస్తూ గడిపింది. ఊళ్ళో ఏ వీధిలో ఏ దుకాణం వెనక బాత్రూముందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో ఆమెకి కంఠతా వచ్చింది. అన్నిటికంటే కష్టమైంది మాత్రం, తన క్రేనును ఇంకొకడు నడుపుతుంటే కిటికీలోంచి చూడడం. అతన్ని అందరూ మెరుపు అనేవారు. హుక్కు దించడానికి అతను తీసుకునే సమయంలో ఒకరు భోజనం చేసి రావచ్చు.

ఆ తర్వాత పరీక్షల రోజు వచ్చింది. డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఒకటి పాతది, ఎర్రగా. రెండోది ఆ పొద్దునదే, లేత గులాబీ రంగులో, నున్నగా, సన్నటి నరాల గీతలతో.

"ఇది నాదేనా?" అని అడిగింది క్రేనక్క.

"నీదే. ఒక్క పుండు లేదు. కానీ పోలేదు, పడుకుంది. మళ్ళీ లేవచ్చు. లేచిన మొదటి రోజే నాకు ఫోను చెయ్యి, సరేనా?"

సరేనంది. వరండాలో వెళ్తున్నవాళ్ళు తిరిగి చూసేలా అంత మనిషీ రెండు గంతులు వేసింది. మెట్ల దగ్గరే భర్తకి ఫోను చేసింది. అటువైపు పిండి కలిపే యంత్రం హోరులో ఆయనకి సగం మాటలు వినపడలేదు కానీ, గొంతును బట్టి అంతా అర్థమైంది.

సరిగ్గా అప్పుడే పనిలో అసలు ఘట్టం దగ్గర పడింది. రెండు భవనాలను పద్దెనిమిదో అంతస్తులో కలిపే ఉక్కు వంతెనను పన్నెండు రోజుల్లో ఎత్తాలి. ఆరు టన్నులు. ఆ బరువు తనే ఎత్తాలని క్రేనక్క మనసు ఉవ్విళ్ళూరింది. ఇంజినీరుని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. ఆరోగ్యం, బాధ్యత, పైవాళ్ళు అంటూ ఏవో చెప్పాడు.

మర్నాడు పొద్దున అరవై మంది నిలబడ్డ సమావేశంలో ఆమె చెయ్యెత్తింది.

"నాకు పెద్దపేగులో పుండ్లు పడే జబ్బుంది సార్. ఇప్పుడు తగ్గింది, మళ్ళీ రావచ్చు. వచ్చిందంటే నాకు ఐదు నిమిషాల్లో బాత్రూము కావాలి. ఇరవయ్యో అంతస్తులో క్రేనునుంచి బిల్డింగులోకి నడిచే పలక ఉంది కదా, అక్కడొకటి పెట్టించండి. నేను పైనున్నంతసేపూ మెరుపు కింద సిద్ధంగా ఉంటాడు. ఇంకేం అడగను."

ఇంజినీరు కాగితాల వైపు చూశాడు. అప్పుడు వెనక వరసలోంచి రంగులు వేసే ఆవిడ గొంతు సవరించుకుంది. దిగి రావాలంటే ఇరవై నిమిషాలని, ఆడవాళ్ళు పొద్దున్నుంచి మంచినీళ్ళే ముట్టరని చెప్పింది. వెల్డరొకడు తనకి మధుమేహమని చెప్పాడు. ఆ తర్వాత బాబాయ్ ముందుకొచ్చి, నింపాదిగా అన్నాడు.

"నాకు గంటకోసారి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ బీడీ కోసం వెళ్తున్నానని చెబుతున్నా. నేను బీడీ మానేసి తొమ్మిదేళ్ళయింది."

అరవై మందీ ఒక్కసారిగా నవ్వారు. ఇంజినీరు కూడా నవ్వాపుకోలేక, ఆమే ఎత్తుతుందని పైవాళ్ళకి తను చెబుతానన్నాడు. వారం తిరిగేసరికి ఇరవయ్యో అంతస్తులో ఒకటి, పదో అంతస్తులో ఒకటి వచ్చాయి. మొదటి రోజు పదో అంతస్తులో ఎంత పొడుగు వరస కట్టారంటే, తాపీ మేస్త్రీ పక్కన నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పంపాల్సి వచ్చింది.

వంతెన ఎత్తే రోజు ఆకాశం తేటగా ఉంది. క్రేనక్క నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే కింద ఎవరో చప్పట్లు మొదలెట్టారు, అందరూ అందుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత కాళ్ళు నొప్పెట్టాయి, ఊపిరి ఎగపోసింది, నాలుగు చోట్ల ఆగింది. అయినా అద్దాల గది తలుపు తీసి కుర్చీలో కూర్చునేసరికి, ఊరంతా కాళ్ళ కింద పరుచుకుని కనిపించి, ఆమె కళ్ళు తడిశాయి.

వంతెన నేల విడిచింది. ఐదో అంతస్తు, పదో అంతస్తు. పదహారో అంతస్తు దగ్గర కడుపులో చురుక్కుమంది. ఆమె లివర్లు స్థిరంగా పట్టుకుని, బరువును అక్కడే నిలిపింది.

"ఏమ్మా, ఏమైనా ఉందా?" అన్నాడు బాబాయ్.

ఆమె కళ్ళు మూసుకుని లోపలికి విన్నది. జబ్బు నొప్పి ఆమెకి బాగా తెలుసు. అది కింద, ఎడమవైపు మొదలై తొందరపెడుతుంది. ఇది పైన, బొడ్డు మీద గుడగుడమంటోంది. పొద్దున ఆత్రంలో ఒక్క ముద్ద కూడా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆకలి బాబాయ్."

వాకీటాకీ ఉన్న ప్రతివాడికీ అది వినపడింది. పద్దెనిమిదో అంతస్తులో అంచున నిలబడ్డ ఫిట్టర్లు కూడా నవ్వారు. ఆ నవ్వులోనే వంతెన మళ్ళీ కదిలింది. "ఎడమకి ఒక బెత్తెడు. చాలు. దించు. ఇంకో వేలు. చాలమ్మా, చాలు." మొదటి బోల్టు చిల్లులోకి నేరుగా దిగిపోయింది. రెండోదీ అంతే. రెండు వైపులా కేకలు మిన్నంటాయి. రోడ్డు మీద పిండి అంటిన చేతులతో భర్త, మెడ నొప్పి పుట్టేలా పైకి చూస్తూ అత్తగారు నిలబడి ఉన్నారు. పైనున్న మనిషి కనపడదని తెలిసి కూడా అత్తగారు చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆరు నెలల తర్వాత జబ్బు మళ్ళీ కళ్ళు తెరిచింది. ఒక పొద్దున రెండు చుక్కల రక్తం కనిపించింది. ఈసారి దాచలేదు. పళ్ళు తోముకోకముందే డాక్టరమ్మకి ఫోను చేసింది, తర్వాత ఇంజినీరుకి, తర్వాత మెరుపుకి. మందు మోతాదు పెంచారు. పది రోజులు ఇంట్లో పడుకుంది, అత్తగారు చేసిన చప్పటి కూడు తిట్టుకుంటూ తిన్నది. రక్తం ఆగింది. నీరసం పోయింది. పన్నెండో రోజున డాక్టరమ్మ సరేనన్నాక, బూట్లు తొడుక్కుని, ఈలవేస్తూ పనికి వెళ్ళింది. ఆ రోజు ఎత్తాల్సినవి కిటికీ అద్దాలు, నూట నలభై.