విప్పిన ముడి

నా చిన్నప్పుడు, మా ప్రాంతానికి పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో, మా ఊళ్ళో ఒక సేవా సంఘం ఉండేది. మా పెద్దనాన్న దానికి అధ్యక్షులు. ఏడాది పొడుగునా ఏవో చిన్న పనులు చేస్తుండేది గానీ, ఆ సంఘం అసలు పని మాఘపౌర్ణమి నాడు. ఆ రోజు సంగం ఊరి వైపు నుంచి, ఇంకా పై ఊళ్ళ నుంచి, వరిపొలాలు తప్ప సముద్రం ఎరగని జనం బండ్లు కట్టుకొని మా రేవుకు స్నానానికి వచ్చేవాళ్ళు. అలలు చూసిన సంబరంలో పిల్లల చెయ్యి వదిలేసేవాళ్ళు. అలా తప్పిపోయిన పిల్లల కోసం ఒడ్డున తాటాకు పందిరి వేసేవాళ్ళం. వాలంటీర్లు రేవంతా తిరిగి, ఏడుస్తున్న పిల్లల్ని తెచ్చి అక్కడ అప్పజెప్పాలి. పెద్దనాన్న రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకొని పిల్లల ఆనవాళ్ళు అరిచి చెప్పేవారు.

సాయంత్రం వాలంటీర్లకు సన్మానం. నేను చెప్పబోయే ఏటికి ముందు ఏడు ఎవరి పేరు చదవాలన్న దగ్గర పెద్ద గొడవే అయింది. "మావోడు ఎండలో మాడిపోతే, నీ తమ్ముడి కొడుకు పేరు చదువుతావా?" అని ఒకాయన మా ఇంటి ముందుకొచ్చి అరిచాడు. దాంతో పెద్దనాన్న ఎవరూ వేలెత్తి చూపలేని పద్ధతి ఒకటి ఆలోచించారు. ప్రతి వాలంటీరు చొక్కాకూ ఒక పచ్చ రిబ్బను. ఒక బిడ్డను పందిరికి చేరిస్తే ఆ రిబ్బనుకు ఒక ముడి. సాయంత్రానికి ఎవరికి ఎక్కువ ముడులుంటే వాళ్ళకు సమితి ప్రెసిడెంటు గారి చేతుల మీదుగా ఖద్దరు కండువా. "ఇంక నా మీద నోరెత్తేవాడెవడో చూస్తా" అని ఆయన మురిసిపోయారు.

ముడులు వేసేది మా పక్కింటి అక్క. పదిహేడేళ్ళుంటాయేమో. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. మూడేళ్ళుగా ఆ పందిరి ఆమెదే. ముక్కులు తుడవడం, అన్నం కలిపి పెట్టడం, మాటలు సరిగా రాని పిల్లల చేత ఊరి పేరూ అమ్మ పేరూ చెప్పించడం ఆమెకే తెలిసిన విద్య. పొద్దున వచ్చి కూర్చుంటే ఆఖరి బిడ్డ ఇల్లు చేరేదాకా కదిలేది కాదు. తిరిగేవాళ్ళకే రిబ్బను గనక, కదలని అక్కకు రిబ్బను లేదు. ఆ సంగతి మాలో ఎవరికీ తోచలేదు.

నాకప్పుడు పదకొండేళ్ళు. పొద్దెక్కేసరికి నా రిబ్బనుకు రెండు ముడులు పడ్డాయి. బళ్ళో నా పక్కన కూర్చునేవాడికీ రెండే. వాడు ఎదురొచ్చి, "సంఘం మీ పెద్దనాయనదైతే ఏందిరా, కండువా మాత్రం నాది" అని వెక్కిరించి పోయాడు. తరవాత గంటసేపు తిరిగాను. ఒక్క బిడ్డా ఏడుస్తూ కనబడలేదు. పిల్లలెవరూ తప్పిపోనందుకు నాకు కోపం వచ్చింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అప్పుడు కనబడింది ఆ పాప. మూడేళ్ళుండవు. బట్టల మూట పక్కన కూర్చొని గుప్పిళ్ళతో ఇసుక పోసుకుంటోంది. కాలికి పాత చీర పేలిక, దాని రెండో కొస మూటకు. సముద్రమంటే భయమున్న తల్లి ఎవరో, తాను మూడు మునకలు వేసి వచ్చేలోపల బిడ్డ నీళ్ళవైపు రాకుండా చేసుకున్న ఏర్పాటు. చూడగానే నాకు అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. ఒకదాని మీద ఒకటి రెండు ముడులు వేసి ఉన్నాయి. గోళ్ళు నొప్పి పుట్టేదాకా లాగి విప్పాను. పాప నన్ను చూసి నవ్వింది. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వేసింది.

"యాడ దొరికిందిరా?" అని అక్క అడిగింది.

"నీళ్ళ కాడ. ఒక్కతే ఉండింది."

అక్క నా రిబ్బనుకు మూడో ముడి వేసింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటూ, పేలిక ఒరుసుకొని కాలి మీద పడిన ఎర్రటి గీతను వేలితో తడిమింది. తలెత్తి నా వంక చూసింది. నేను దాహమైనట్టు మంచినీళ్ళ కడవ వైపు నడిచాను.

పెద్దనాన్న రేకు గొట్టం అందుకునేలోపలే ఒడ్డున కేకలు లేచాయి. ఎవరో ఆడమనిషి నీళ్ళలోకి పరిగెత్తిందన్నారు. మూట ఉంది, పేలిక ఉంది, బిడ్డ లేదు, ఎదురుగా సముద్రం. ఆమె ఏమనుకుని ఉంటుందో వేరే చెప్పాలా? తెప్పల దగ్గరున్న పట్టపాలెం జాలర్లిద్దరు అలల్లోకి దూకి, జుట్టు పట్టుకొని ఆమెను లాక్కొచ్చారు. పందిట్లోకి తెచ్చేసరికి ఉప్పునీళ్ళు కక్కుతోంది. ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. బిడ్డను చూసి ఏడవలేదు. ఆ చిన్న కాలు రెండు చేతులా పట్టుకొని, "నేను సరింగా కట్టలా, నేను సరింగా కట్టలా" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

వెనకే ఆమె అత్త వచ్చి, బిడ్డను లాక్కొని చంకనేసుకుంది. "ముడేసేది గూడా చేతగాని దాన్ని తెచ్చి నా కొడుకు నెత్తిన పెట్టినానే! గొడ్డుకు పలుపు గూడా నేనే కట్టాల. ఈ పొద్దు బిడ్డను మింగబొయ్యింది. ఇంక బిడ్డ నా కాడే ఉంటాది. నువ్వు తాకబాక!" అని అందరూ వినేట్టు అరిచింది. ఆ పిల్లతల్లి మొగుడు బండి తోలే కర్ర చేత్తో పట్టుకొని వచ్చి, తన తల్లి పక్కన నిలబడ్డాడు.

"ముడి ఊడలేదేమో పెద్దమ్మా. ఎవరన్నా విప్పినారేమో" అంది అక్క. అంటూ నా వైపు చూసింది.

నేను ఆ కర్ర వైపు చూశాను. తరవాత నా కాళ్ళ వైపు చూసుకున్నాను. అక్క ఎంతసేపు ఆగిందో చెప్పలేను. నేను నోరు తెరవడానికి సరిపడా ఆగిందని మాత్రం తెలుసు.

"నేనే విప్పినా" అంది చివరికి. "ఇందాక అటు పోయినప్పుడు పాప ఎండలో ఉంటే చూడలేక విప్పి, ఈ పిల్లోడి చేతికిచ్చి పంపినా." ఆ తల్లి ముందు కింద కూర్చొని, ఆమె గడ్డం పట్టుకొని, "ఎంత గట్టిగా కట్టినావో తల్లీ! విప్పలేక నా గోళ్ళు నొప్పులు పుట్టినాయి" అంది.

అత్త తిట్లన్నీ అక్క మీదికి మళ్ళాయి. మెడలో సిలువ చూసి కులాన్ని తిట్టింది, చర్చిని తిట్టింది, పెళ్ళి కాకుండా నలుగురిలో తిరుగుతున్నందుకు తిట్టింది. పెద్దనాన్న ముఖం నల్లబడింది. "నమ్మి అప్పజెప్పినందుకు మంచి పని చేసినావమ్మా. ఇంక ఈ పందిట్లో నీకు పని లేదు. ఇంటికి పో" అన్నారు. అక్క లేచి కొంగు దులుపుకుంది. ఆ గందరగోళంలో ఆ పిల్లతల్లి మెల్లగా లేచి, అత్త చంకలోంచి బిడ్డను తీసుకుంది. అత్త ఇచ్చేసింది. అక్క అది చూసి మరీ వెళ్ళింది.

నా రిబ్బనుకున్న మూడో ముడిని ఎవరూ తీసెయ్యలేదు గనక, సాయంత్రం నా పేరే పిలిచారు. ప్రెసిడెంటు గారు కండువా కప్పి భుజం తట్టారు. మా అమ్మ ముందు వరసలో కూర్చొని కళ్ళు తుడుచుకుంది. నేను నిలబడి అందరికీ దండం పెట్టాను.

మర్నాడు కండువా తీసుకొని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. చేటలో బియ్యం ఏరుతోంది. "ఇది నీకే అక్కా" అన్నాను.

"నాకెందుకురా? పిలిచింది నీ పేరు గదా."

"పెద్దనాన్నకు చెప్పేస్తానక్కా."

"చెప్తే చెప్పు, మానితే మానుకో. ఆ పిల్లతల్లికి ముడేసేది చేతనవును. ఆ మాట ఆమెకు తెలియాల, తెలిసింది. అంతే." మళ్ళీ బియ్యంలోకి వంగింది.

నేను చెప్పలేదు. మరుసటి ఏడు పందిట్లో వేరే ఎవరో కూర్చున్నారు. పిల్లలు పొద్దంతా ఏడుస్తూనే ఉన్నారు. అప్పుడూ చెప్పలేదు. అక్కకు కావలిలో సంబంధం కుదిరి, పెళ్ళై వెళ్ళిపోయాక, ఇంక ఎవరి ముఖమూ చూడనక్కర్లేదన్న ధైర్యంతో చెప్పాను. పెద్దనాన్న నన్ను కొట్టలేదు. "ముడులు పెట్టింది నేనే గదరా" అన్నారు. ఆ తరవాత మా సంఘంలో రిబ్బన్లూ లేవు, కండువాలూ లేవు. కావలికి పోయి అక్కకు క్షమాపణ చెప్పి రావాలని ఆయన అంటూనే ఉన్నారు. పోలేకపోయారు.

నేను వెళ్ళాను, ఉద్యోగంలో చేరిన తరవాత. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఆమె ముందు సగంలోనే ఆగిపోయాయి. అక్క మజ్జిగ తెచ్చిచ్చి, నా ఎదురుగా కూర్చొని, "పెంచలమ్మ ఎట్టా ఉండాదో. ఈపాటికి పెళ్ళీడుకొచ్చుంటాది" అంది.

"ఎవరక్కా?" అన్నాను.

అక్క నన్ను వింతగా చూసింది. ఆ పాప పేరు అది. ఆ రోజు పందిట్లోకి వచ్చిన మిగతా పిల్లల పేర్లు కూడా, వాళ్ళ ఊళ్ళతో సహా, వరసగా చెప్పుకుపోయింది. అందులో నేను మోసుకొచ్చిన ముగ్గురూ ఉన్నారు. నేను ఒక్కరి పేరూ అడగలేదు. అడగాలని కూడా నాకు తోచలేదు.

ఈ వయసులో నన్నూ అప్పుడప్పుడూ సభలకు పిలిచి, ఏదో సేవ చేశానని శాలువా కప్పుతుంటారు. వద్దనే నిబ్బరం నాకు ఇప్పటికీ రాలేదు, కప్పించుకుంటాను. ఇంటికొచ్చాక మాత్రం, ఆ సేవ ఎవరికి చేశానంటున్నారో వాళ్ళ పేర్లు చెప్పుకోవడానికి ప్రయత్నిస్తాను. కొన్నిసార్లు చెప్పగలుగుతాను. చాలాసార్లు చెప్పలేను.