మర లోపలి గంధం

మా ముత్తాత తళి సీమలో మిట్టాదారు, కొన్ని ఊళ్ళకు జమీందారు. ఆయన గుర్రం దిగేదాకా సంతలో తూకాలు మొదలయ్యేవి కావు. మా తాత జిల్లా బోర్డు సభ్యుడు. కలెక్టరు దొర కూడా మా పంచలో బూట్లు విప్పి కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడు. ఆ కాఫీ గింజలు నలిగిన ఇనుప చేతిమర ఇప్పుడు హోసూరు పక్క మత్తిగిరిలో, పశువుల ఫారం వెనకున్న మా రెండు గదుల ఇంట్లో, వంటింటి గట్టుకు బిగించి ఉంది. మిట్టా పోయింది, బోర్డు పోయింది. నా నడుము మాత్రం వంగలేదు.

ఈ వేసవిలో గురుబరపల్లి నుంచి మా మేనత్త కబురు పంపింది. ఆదివారం వస్తుందట, ఇంటి మరలో పట్టిన పొడితో కాఫీ ఇస్తే తాగి పోతుందట. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. ఆ ఇంట్లో అందరికీ కాఫీ కలిపింది ఆవిడే. నేను ఆ ఇల్లు అమ్మిన రోజున కూతురి ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ నా గడప తొక్కలేదు. ఆ "ఇస్తే" అనే మాటలో ఎంత ఉందో నాకు తెలుసు. కాఫీ చెడితే ఆవిడ లేచిపోతుంది, ఇక రాదు.

ఇల్లు మారినప్పటి నుంచి మేము హోసూరు బజారులో పొడి కొనుక్కుంటున్నాం. మరకు పని లేకపోయినా మర్యాద తగ్గించలేదు. ఏటా ఆయుధపూజనాడు దాన్ని విప్పి, భాగం భాగానికీ గంధం, కుంకుమ నేనే పెడతాను. మొదటి బొట్టు పెట్టే హక్కు ఇంటి పెద్దవాడిది. మర్నాడు అలాగే బిగించేస్తాను. పూజ చేసిన బొట్టు తుడవకూడదని మా నాన్న ఆజ్ఞ.

శుక్రవారం సాయంత్రం గింజలు పోసి తిప్పాను. సగం పిండి, సగం నూక. పిండి అడ్డుపడి నీళ్ళు ఫిల్టరు పైగిన్నెలోనే నిలిచిపోయాయి. చివరికి దిగిన డికాషన్ పలచగానూ ఉంది, చేదుగానూ ఉంది. మర బిగించి చూశాను. ప్రతి చుట్టులో ఒకేచోట పిడి పట్టేస్తోంది, మిగతాచోట్ల వట్టిగా తిరుగుతోంది.

మా కోడలు రాజమండ్రి పిల్ల. హోసూరు ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం. డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా వెనక నిలబడింది.

"పాతదైపోయింది మామయ్యా. కరెంటుది కొనేద్దాం."

"పాతది కాదమ్మా, పెద్దది. తేడా ఉండాది."

ఆ అమ్మాయి నవ్వలేదు. లోపల ఎదురెదురుగా ఉండే రెండు పళ్ళ చక్రాలనూ చూపించమంది. ఒకటి కదలదు, ఇంకొకటి పిడితో తిరుగుతుంది. కదలని చక్రం పళ్ళకు చుట్టూ మార్కర్ పెన్నుతో నల్లరంగు పూసి, గింజలు వేయకుండా నెమ్మదిగా తిప్పమంది. విప్పి చూస్తే పైభాగంలో మాత్రమే రంగు చెరిగింది. కింద నల్లగా అలాగే ఉంది. అంటే రెండు చక్రాలూ ఒకదానికొకటి సమంగా లేవు, ఒకవైపు ఒరిగాయి.

మాత్రల అట్ట మీది రేకు కత్తిరించి, చక్రం మరమేకులు వదులు చేసి, వెనక ఎత్తు పెట్టాలన్నది నా ఆలోచన. పెట్టాను. పిడి అసలే కదల్లేదు. ఎత్తు పెట్టినది పైభాగంలోనే, తప్పు వైపున. రేకు తీసి కింద పెడదామని చక్రాన్ని పూర్తిగా ఊడదీశాను. అది కూర్చునే గుంటలో, సరిగ్గా పైభాగాన, పసుపుపచ్చగా గట్టిబడిన పెచ్చు కనిపించింది.

కోడలు గోటితో తాకి వాసన చూసింది. "గంధం మామయ్యా. ఏటా ఒక్కచోటే పెడుతున్నారా?"

బొట్టు నుదుటనే పెడతారు. మరకు నుదురు పైభాగం.

గీకేద్దామని ఆ అమ్మాయి చెంచా తీసుకుంది. వద్దన్నాను. మా నాన్న మాట దాటడం నాకు అలవాటు లేదు. కాని ఆదివారం గడపలో నిలబడబోయేది మా నాన్న కాదు, ఆయన చెల్లెలు. బొట్టు పెట్టే హక్కు నాదైతే తీసే పనీ నాదే అన్నాను. వేడినీళ్ళ గుడ్డతో నానబెట్టి, కొబ్బరిచిప్ప ముక్కతో గీకాను. ఒక్కొక్క పొరే రాలింది. ఇల్లు వదిలాక పెట్టినవన్నీ ఉన్నాయి.

తడి ఆరాక, చక్రం మరమేకులు ఒక్కసారిగా కాకుండా ఇటు కొంచెం అటు కొంచెం బిగించాం. మళ్ళీ రంగు పూసి తిప్పితే చుట్టూ ఒకే తీరుగా చెరిగింది. గింజలు పోశాను. పొడి సన్నరవ్వలా, ఒకే పరిమాణంలో రాలింది. కోడలు అరచేతిలోకి తీసుకుని రెండు వేళ్ళతో నలిపి, ఫ్యాక్టరీలో సరుకు పాస్ చేసినట్టు తల ఊపింది.

ఆదివారం అత్త వచ్చింది. గడప దగ్గర ఆగి, వంటింటివైపు చూసి, చెప్పులు విడిచింది. గ్లాసు అందుకుని మొదటి గుటక మింగేదాకా నేను కూర్చోలేదు.

"ఎవురు పట్టినారప్పా పొడి?"

నేనేనని చెప్పి, గంధం సంగతి కూడా చెప్పాను. నాన్న మాట దాటినందుకు తిడుతుందనుకున్నాను. అత్త గ్లాసు దించింది.

"మీ నాయిన పూజ చేసి పోతానే, మర్నాడు ఆయన నీళ్ళు పోసుకుండేలోగా నేను గీకేదాన్ని. ఏటా. లేకపోతే దొరకు కాఫీ యాడ దిగేది? మీ అవ్వ గీకె, నేను గీకితిని. నీ ఇంట్లో గీకేవాళ్ళు లేరని నాకు తెలుసు, అందుకే చూస్తామని వచ్చినాను."

కోడలు ఫక్కున నవ్వింది. అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చే ఆయుధపూజకు తానుకూడా ఉంటానంది. తర్వాత రెండో గ్లాసు అడిగింది. తాగుతూ మర దగ్గరికి వెళ్ళి, గట్టుకు బిగించిన చోట చేత్తో తడిమింది. అక్కడ సిమెంటు ఉంది. పాత ఇంట్లో ఆ మరను హాలులోని టేకు స్తంభానికి బిగించేవాళ్ళం. స్తంభాన్ని ఇంటితోపాటే అమ్మేశాను.